చక్రాల విల్లు కొనేముందు

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆదివాసీ విలువిద్య గొప్పతనం గురించి మాట్లాడమన్నారు. దాని గురించి మీ తాతలు నాకంటే బాగా చెప్తారు. నేను టీచర్ ట్రైనింగ్ చేసి, కొన్నాళ్లు పాఠాలు చెప్పి, తర్వాత వార్డెన్‌గా వచ్చినదాన్ని. నాకు తెలిసింది బియ్యం లెక్క, కూరగాయల బిల్లు, రాత్రి జ్వరం వచ్చిన పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లడం. వాటితో పాటు, నా చేతులు కాల్చుకుని నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. తక్కువ డబ్బుతో పిల్లలకి కాంపౌండ్ విల్లు ఎలా కొనాలి అన్నది. మన పిల్లలు దాన్ని చక్రాల విల్లు అంటారు. ఈ రోజు దాని గురించే చెప్తాను.

ఎందుకంటే ఈ మధ్య నెలకి ఒకరైనా వచ్చి అడుగుతున్నారు. "మేడమ్, ఫోన్‌లో ఒక విల్లు చూశాం, అన్నీ కలిపి ప్యాకేజీ అంట, కొనేయమంటారా?" అని. తునికాకు డబ్బులు చేతిలో పడ్డాయనో, మిర్చి కోతల కూలి వచ్చిందనో, మేకలు అమ్ముదామనో అంటారు. ఆ డబ్బు ఎలా వస్తుందో నాకు తెలుసు. మా అమ్మ కూడా తునికాకు కోసిన మనిషే. అందుకే భయం.

ముందు నా తప్పు చెప్తాను.

కొన్నేళ్ల క్రితం మా హాస్టల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. పేరు చెప్పను. వెదురు విల్లుతో ఇండియన్ రౌండ్‌లో బాగా వేసేది. జిల్లా పోటీలో పతకం తెచ్చింది. ఆ ఊపులో, మా దగ్గర చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడ్డ పాత పిల్లలు తలా కొంత వేసి ఇరవై ఎనిమిది వేలు పోగు చేశారు. నేను ఫోన్‌లో ఫొటో చూసి ఆర్డర్ పెట్టేశాను. పెట్టె వచ్చింది. విల్లు, సైట్, రెస్ట్, అమ్ములపొది, రిలీజ్, ఆరు బాణాలు. పిల్లలంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. ఫొటోలు కూడా తీసుకున్నాం.

ఆ విల్లు 70 పౌండ్లది. మరలు వదులు చేస్తే 50 దాకా తగ్గుతుంది, అంతకంటే తగ్గదు. 50 పౌండ్లంటే ఇరవై రెండున్నర కిలోలు. ఆ పిల్ల బరువే అప్పుడు నలభై కిలోలు. లాగలేక విల్లుని ఆకాశం వైపు ఎత్తి, నడుము వెనక్కి వంచి, ఒక్క ఊపున కిందికి దించుతూ లాగేది. నేనేమో "అలవాటైతే వస్తుందమ్మా, లాగు" అనేదాన్ని. మూడు వారాలకి కుడి భుజం నొప్పి. నెలకి చెయ్యెత్తి జడ వేసుకోలేకపోయింది. డాక్టర్ మూడు నెలలు విల్లు ముట్టుకోవద్దన్నారు. మూడు నెలల తర్వాత తనే ముట్టుకోలేదు. వెదురు విల్లు కూడా వదిలేసింది.

నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. "విల్లు మంచిదే మేడమ్, నాలోనే బలం లేదు" అంది. తప్పు విల్లు కొన్నది నేను. ఆ తప్పుని ఆ పిల్ల తన ఒంటి మీద వేసుకుంది. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. విల్లు ఇంకా మా స్టోర్ రూమ్ బీరువా మీదే ఉంది.

తర్వాత నేను నేర్చుకోవడం మొదలుపెట్టాను. కోచ్‌లని అడిగాను, పోటీలకి వచ్చిన తల్లిదండ్రుల పక్కన కూర్చున్నాను, కనపడిన ప్రతి విల్లు కొలతలూ రాసుకున్నాను.

చక్రాల విల్లు అంటే ఏంటో చూద్దాం. మన వెదురు విల్లు లాగేకొద్దీ బరువెక్కుతుంది. పూర్తిగా లాగినప్పుడే అన్నిటికంటే బరువు, ఆ బరువు మోస్తూనే గురి చూడాలి. కాంపౌండ్‌లో రెండు కొసల్లో క్యామ్‌లు అనే చక్రాలుంటాయి. సగం దాకా బరువు పెరిగి, చక్రం తిరిగిపోయాక ఒక్కసారిగా తేలికవుతుంది. దాన్ని లెట్-ఆఫ్ అంటారు. 75 శాతం లెట్-ఆఫ్ ఉన్న 40 పౌండ్ల విల్లుని పూర్తిగా లాగి పట్టుకుంటే చేతి మీద ఉండేది 10 పౌండ్లే, అంటే నాలుగున్నర కిలోలు. అందుకే నిదానంగా గురి చూడొచ్చు. తాడుని వేళ్లతో పట్టుకోం. మణికట్టుకి కట్టుకునే రిలీజ్ అనే కొక్కెం పట్టుకుంటుంది, చూపుడు వేలితో మీట నొక్కితే వదులుతుంది. (ఏకలవ్యుడి పాఠం చెప్పిన రోజున ఒక పిల్ల, "మేడమ్, ఆయనకి ఇది ఉండుంటే బొటనవేలు లేకపోయినా వేసేవాడు కదా" అంది. నేను నవ్వలేకపోయాను.)

ఇక్కడ జాగ్రత్తగా వినండి. తేలికయ్యేది చివర్లో. మధ్యలో మొత్తం బరువూ దాటాల్సిందే. ఫోన్‌లో వీడియో చూసి "ఎంత ఈజీగా పట్టుకున్నాడో" అనుకుంటాం. అతను దాటి వచ్చిన బరువు వీడియోలో కనపడదు.

మన పిల్లలకి దీని మీద ఆశ ఎందుకు కలిగిందో నాకు తెలుసు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది కాంపౌండ్‌తోనే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ పెడుతున్నారు. ఆశపడటం తప్పు కాదు. కానీ వెదురు విల్లు వదిలేయాలని ఎవరూ అనలేదు. రాజస్థాన్ ఆదివాసీ బిడ్డ లింబారామ్ చిన్నప్పుడు పట్టింది వెదురు విల్లే. 1988 సియోల్ నుంచి వరసగా మూడు ఒలింపిక్స్‌కి వెళ్లాడు. నిలబడటం, ఊపిరి ఆపడం, వదలడం ఇవన్నీ వెదురు విల్లు మీదే నేర్చుకోవచ్చు, ఖర్చు దాదాపు ఉండదు. ఒక ఏడాది క్రమం తప్పకుండా ప్రాక్టీస్‌కి రాని పిల్లకి నేనిప్పుడు చక్రాల విల్లు కొనను. కొనమని ఎవరికీ చెప్పను కూడా.

సరే, కొనాలనే నిర్ణయానికి వచ్చారు. షాపుకి వెళ్లకముందే ఇంట్లో చేయాల్సిన పనులున్నాయి.

మొదటిది కన్ను. రెండు చేతులూ ముందుకి చాచి, అరచేతుల మధ్య చిన్న కిటికీ లాగా చేసి, దూరంగా ఉన్న బల్బుని అందులోంచి చూడమనండి. తర్వాత ఒక్కో కన్ను మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉంచినప్పుడు బల్బు కిటికీలోనే ఉంటుందో అది బలమైన కన్ను. కుడి కన్నయితే కుడిచేతి విల్లు, ఎడమ కన్నయితే ఎడమచేతి విల్లు మంచిది. కాంపౌండ్‌లో ఇది కొన్నాక మార్చుకునేది కాదు. కన్ను ఒకవైపు, చేతివాటం ఇంకోవైపు ఉంటే కోచ్‌ని అడగకుండా కొనొద్దు.

రెండోది చేతుల పొడవు. గోడకి వీపు ఆనించి రెండు చేతులూ బారగా చాపించండి. ఒక చేతి మధ్యవేలి కొస నుంచి రెండో చేతి మధ్యవేలి కొస దాకా టేపుతో కొలవండి. అంగుళాల్లో వచ్చిన దాన్ని రెండున్నరతో భాగించండి. అదే ఉజ్జాయింపుగా డ్రా లెంగ్త్, అంటే తాడుని ఎంతదాకా లాగాలి అన్న కొలత. బార 150 సెంటీమీటర్లు ఉందనుకోండి, 59 అంగుళాలు. భాగిస్తే ఇరవై మూడున్నర. వెదురు విల్లుని ఎవరికి తగ్గట్టు వాళ్లు లాగుతారు. చక్రాల విల్లు అలా ఒప్పుకోదు, దానికి ఎంత పెట్టి ఉంటే అంతకే ఆగుతుంది. నేను కొన్న విల్లుకి 29 అంగుళాలు పెట్టి ఉంది. ఆ పిల్లకి 24 చాలు. లాగలేకపోవడానికి బరువు ఒక్కటే కారణం కాదని ఆ లెక్క వేసిన రోజున తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మూడోది బరువు. పిల్లని ఎత్తైన బల్ల మీద కూర్చోబెట్టండి, కాళ్లు నేలకి తగలకూడదు. విల్లుని గురి వైపే ఉంచి, పైకి ఎత్తకుండా, నిదానంగా లాగాలి. వణక్కుండా లాగగలిగిన బరువే ఆ పిల్ల బరువు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లకి 20, 25 పౌండ్లతో మొదలుపెడితే సిగ్గుపడాల్సిన పని లేదు. అంతర్జాతీయ పోటీల్లో కాంపౌండ్‌కి గరిష్ఠంగా 60 పౌండ్లే అనుమతి. పెద్దవాళ్ల పోటీకే అది హద్దయితే, 70 పౌండ్ల విల్లు మన పిల్లలకి ఎందుకు?

ఎందుకంటే ప్యాకేజీలు చాలావరకు వేటగాళ్ల కోసం తయారైనవి. అమెరికాలో విల్లుతో వేటాడటం పెద్ద సరదా, అక్కడి పెట్టెలే ఇక్కడికీ వస్తాయి, వాటిని చూసి చేసినవీ వస్తాయి. మూడు, ఐదు పిన్నుల సైట్ ఉంటుంది, జంతువు ఎంత దూరంలో ఉంటే ఆ పిన్ను వాడుకోవడానికి. అమ్ములపొది విల్లుకే బిగించి ఉంటుంది. విల్లు పొట్టిగా ఉంటుంది, పొదల్లో తిరగడానికి. మన పోటీ అది కాదు. 50 మీటర్ల దూరంలో 80 సెంటీమీటర్ల టార్గెట్, 72 బాణాలు, 720 పాయింట్లు. మధ్యలో పది పాయింట్ల గుండ్రం 8 సెంటీమీటర్లే, మన గారె అంత. దానికి నిలకడ కావాలి. రెండు ఇరుసుల మధ్య పొడవు 28, 30 అంగుళాలున్న పొట్టి విల్లు చేతిలో ఎక్కువ కదులుతుంది. పోటీ విల్లులు 36 నుంచి 40 దాకా ఉంటాయి. చిన్నపిల్లకి అంత పొడవు బరువవుతుంది. 32, 33 దొరికితే మొదటి విల్లుకి చాలు.

(మధ్యలో ఒక మాట. ఈ విల్లు తీసుకుని అడవిలోకి వెళ్దామనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడే వదిలేయండి. 1972 వన్యప్రాణి చట్టం ఉంది. భూమి పండుగ మాట వేరే సభలో మాట్లాడుకుందాం.)

పెట్టె మీద 310, 320 అని పెద్ద అంకెలు ఉంటాయి. బాణం సెకనుకి అన్ని అడుగులు పోతుందని. అబ్బాయిలు మొదట చూసేది అదే. ఆ వేగం 70 పౌండ్లు, 30 అంగుళాలు, బాగా తేలికైన బాణంతో కొలిచింది. 25 పౌండ్లు, 23 అంగుళాలు ఉన్న మన పిల్ల చేతిలో ఆ వేగం ఎప్పటికీ రాదు. దానికి డబ్బు పెట్టకండి.

మరి దేనికి పెట్టాలి? ఎదిగే పిల్లతో పాటు మారే విల్లుకి. డ్రా లెంగ్త్ ఎక్కడ నుంచి ఎక్కడిదాకా మారుతుంది, బరువు ఎక్కడ నుంచి ఎక్కడిదాకా మారుతుంది, రెండు ప్రశ్నలూ అడగండి. డైమండ్ ఇన్ఫినిట్ ఎడ్జ్ ప్రో అనే విల్లు 5 నుంచి 70 పౌండ్ల దాకా, 13 నుంచి 31 అంగుళాల దాకా మారుతుంది. బేర్ క్రూజర్ జీ2 కూడా అలాంటిదే. అవే కొనమని కాదు, అలాంటి విల్లులు ఉన్నాయని. బీరువా మీదున్న నా విల్లుకి పక్కన పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. మూడో ప్రశ్న ముఖ్యమైనది, షాపువాళ్లు తమంతట తాము చెప్పరు. డ్రా లెంగ్త్ మార్చడానికి బో ప్రెస్ కావాలా, లేక అలెన్ కీ చాలా? బో ప్రెస్ అంటే విల్లుని నొక్కి పట్టి తాడు వదులు చేసే యంత్రం. మన ఏజెన్సీలో అది ఎక్కడుంది? ప్రతిసారీ బస్సెక్కి నగరానికి వెళ్లాలి. అలెన్ కీతో మారే విల్లే మనకి తగినది. లింబ్ మరలు వదులు చేసేటప్పుడు మాత్రం పుస్తకంలో రాసిన చుట్లు దాటొద్దు, విల్లు ఊడి మొహం మీదకి వస్తుంది.

ఒక్క పిల్లకి కాకుండా హాస్టల్ మొత్తానికి ఒకటే కొనగలిగితే జెనెసిస్ అనే రకం ఉంది. అమెరికాలో బడి పిల్లలకి దాంతోనే నేర్పుతారు. 10 నుంచి 20 పౌండ్లు, లెట్-ఆఫ్ ఉండదు కాబట్టి ఎవరి పొడవుకి వాళ్లు లాగొచ్చు. పోటీకి పనికిరాదు, నేర్పడానికి బాగుంటుంది.

ఇప్పుడు బాణాలు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, విసుక్కోకండి. ప్యాకేజీలో వచ్చే బాణాలు చాలాసార్లు మన పిల్లకి సరిపోవు. బాణానికి స్పైన్ అని ఒక అంకె ఉంటుంది, అది ఎంత వంగుతుందో చెప్పేది. అంకె పెరిగేకొద్దీ మెత్తన. 300, 400 అని ఉన్నవి బరువైన విల్లులకి. 25, 30 పౌండ్ల విల్లుకి అవి బిర్రుగా ఉండి పక్కకి పోతాయి. పిల్ల తన గురి పోయిందనుకుంటుంది. విల్లు బరువు, లాగే పొడవు చెప్పి బాణాల కంపెనీ పట్టికలో చూసి కొనాలి. పొడవు కూడా పిల్లకి తగ్గట్టు కోయించాలి, కాస్త ఎక్కువే ఉంచాలి, ఎదుగుతుంది కాబట్టి. పొట్టి బాణం రెస్ట్ వెనక్కి జారితే చేతిలో దిగుతుంది.

ఇంకొకటి. మన ఇళ్లలో వెదురు బాణాలు ఉంటాయి. చక్రాల విల్లుకి వాటిని ఎప్పుడూ, ఆటకి కూడా ఎక్కించొద్దు. ఆ తోపుకి బాణం అక్కడికక్కడే చీలి చేతిలో గుచ్చుకుంటుంది. మరీ తేలిక కార్బన్ బాణం కూడా వద్దు. విల్లు ఒక్కో పౌండ్‌కి కనీసం 5 గ్రెయిన్ల బరువు బాణానికి ఉండాలి. వేసే ముందు ప్రతి కార్బన్ బాణాన్నీ చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచి చూడాలి. చిటపటమంటే విరిచి పారేయాలి. "మేడమ్, కొత్తదే" అని పిల్లలు బతిమాలుతారు. అయినా సరే.

ఇంకో అలవాటు ఉంది మనకి. ఎవరింటికి వెళ్లినా గోడకున్న విల్లు తీసి తాడు లాగి వదులుతాం. టంగుమని మోగుతుంది, సరదా. చక్రాల విల్లుని బాణం లేకుండా వదిలితే ఆ బలమంతా విల్లులోకే పోతుంది. తాడు క్యామ్ నుంచి జారిపోతుంది, లింబ్ చీలుతుంది. ఒక్కసారి చాలు. హాస్టల్లో ఆ విల్లుని తాళం వేసిన పెట్టెలో పెట్టడానికి కారణం దొంగలు కాదు, చుట్టాలు.

పోయిన ఏడాది ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతెకి కొన్నాం. వాళ్ల నాన్న డబ్బు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మీరే కొనండి మేడమ్" అన్నాడు. నేను తిరిగి ఇచ్చేసి, ఆరు నెలలు ఆగమన్నాను. ఆయనకి కోపం వచ్చింది, పిల్ల అన్నం మానేసింది. ఆ ఆరు నెలల్లో వేరేవాళ్ల విల్లు మీద లాగి చూసింది, కొలతలు తేలాయి. ఆఖరికి కొత్తది కాదు, ఎదిగిపోయిన ఒక క్రీడాకారిణి వాడి వదిలేసిన విల్లు కొన్నాం. సైట్, రెస్ట్‌తో కలిపి 24,000. రిలీజ్ 2,500. కొలతకి కోయించిన ఎనిమిది బాణాలు 5,600. చేతి, ఛాతీ రక్షణకి 600. పెట్టె 1,800. మొత్తం 34,500. కొత్త తాడు కోసం ఇంకో 3,000 పక్కన పెట్టాం, తాడు అరుగుతుంది కాబట్టి. లెక్క ఎందుకు చదివానంటే, ముప్పై అయిదు వేలు ఉంటే ముప్పై అయిదు వేల విల్లు కొనకూడదని. విల్లుకి మూడింట రెండు వంతులు, మిగతాది మిగతా వాటికి.

టార్గెట్‌కి రూపాయి పెట్టలేదు. బియ్యం వచ్చిన గోనె సంచుల్లో పాత బట్టలు, ప్లాస్టిక్ కవర్లు గట్టిగా కూరి కుట్టేశాం. తక్కువ బరువు విల్లుకి బాగా ఆగుతుంది. దాని వెనక మట్టికట్ట ఉంది. కట్ట లేకపోతే వెనక చాలా దూరం ఖాళీ ఉండాలి, మన ఊళ్లలో ఆ ఖాళీలోకే ఆవులు వస్తాయి, పిల్లలూ వస్తారు.

పాత విల్లు కొనేటప్పుడు జేబులో కాస్త దూది పెట్టుకుని వెళ్లండి. లింబ్‌ల అంచుల మీద మెల్లగా రాయండి. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ చీలిక ఉన్నట్టు. అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు. క్యామ్ అంచుల్లో సొట్టలు, తాడు మీద పింజలు చూడండి. ఎండాకాలం జీపులో వదిలేసిన విల్లా అని అడగండి, ఆ వేడి దానికి మంచిది కాదు.

ఆ అమ్మాయి ఇప్పుడు 28 పౌండ్లు లాగుతోంది. ఇంకా 30 మీటర్ల దగ్గరే ఉంది. వాళ్ల నాన్న ప్రతి నెలా ఫోన్ చేసి "50 మీటర్లు ఎప్పుడు?" అంటాడు. నేను "చూద్దాం అన్నా" అంటాను.

మొదట చెప్పిన అమ్మాయి ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు హాస్టల్‌కి వస్తుంది. మొన్న ఈ చిన్నపిల్ల వేస్తుంటే కాసేపు నిలబడి చూసి, "మేడమ్, మోచెయ్యి బిగుసుకుపోతోంది, అరంగుళం తగ్గించండి" అంది. తగ్గిస్తే నిజంగానే సర్దుకుంది. నాకు కనపడనిది తనకి కనపడింది.

ఈ రోజు తను వచ్చింది, అదిగో అక్కడ టేబుల్ దగ్గర ఉంది. బీరువా మీదున్న నా పాత విల్లు, కొత్తగా కొన్న విల్లు రెండూ పక్కపక్కన పెట్టించాను. టేపు కూడా ఉంది, బార కొలిపించుకోండి, అంకె రాసుకుని వెళ్లండి. భోజనాలకి ఇంకా అరగంట టైముంది. లాగి చూడాలనుకునేవాళ్లు చిన్న విల్లే లాగండి, మా ఇద్దరిలో ఒకరు పక్కన ఉన్నప్పుడే. లాగినదాన్ని నిదానంగా వెనక్కి తేవాలి. తాడు మాత్రం వదలకండి.